మోటారు అభ్యాసకుల పరీక్ష

సంక్రాంతి గడచి చేలలో మిరపకాయ ఎఱ్ఱబాఱినది మొదలు గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశము జిల్లాల బాటలకు నిదుర యుండదు. తెల్లవాఱకముందే కోతకూలీల ఆటోలు బయలుదేఱును. ప్రొద్దెక్కిన పిమ్మట టిక్కీలు నింపుకొన్న ట్రాక్టరులును లారీలును గుంటూరు మిర్చి యార్డు దెసకు బారులు దీరును. అంతకు ముందు రెండు మూడు మాసములు ఇవే బాటలపై ప్రత్తి బోరెములు ప్రక్కలకు పొంగి, వెనుక వచ్చువానికి దారి కనుపింపకుండ సాగిపోవుచుండును. ఇన్ని బండ్లను నడపుచున్నవారిలో బాటయొక్క ధర్మమును తెలిసినవా రెందఱు? పనిలో పెట్టుకొను యజమాని ఈ ప్రశ్న అడుగడు. బండి అమ్మువాడు అడుగడు. ప్రభుత్వ మొక్కటియే, మనుష్యుని జీవితములో ఒక్కసారి, వానిని ఎదుట గూర్చుండబెట్టి అడుగును. ఆ యడుగుటయే అభ్యాసకుల అనుమతికై జరుగు పరీక్ష. జనులు దీనినే ఎల్లెల్లార్ పరీక్ష యందురు. దీనిని మనము ఎంత చులకనగా జూచుచున్నామో, ఆ చులకనకు మూల్య మెవరు చెల్లించుచున్నారో నేడు విచారింపదలచితిమి.

మన దేశమునకంతటికిని వర్తించు మోటారుచట్టము మొదట 1914లో బుట్టినది. పిదప 1939లో ఒకటియు, మన ప్రతినిధులే పార్లమెంటులో చర్చించి చేసికొన్న 1988 నాటిది మఱియొకటియు వచ్చినవి. ఈ కడపటి చట్టము 1989 జూలై 1వ తేదీనుండి అమలులో నున్నది. దీని ప్రకారము అనుమతిలేనిదే యెవ్వడును బహిరంగస్థలమున మోటారుబండి నడపరాదు. పూర్తి అనుమతికి ముందు అభ్యాసకుని అనుమతి పొందవలెను. అది పొందుటకు మొదటి పరీక్షలో నెగ్గవలెను. 1989 నాటి కేంద్రనియమములు ఈ పరీక్షకు నాలుగు విషయములను నిర్ణయించినవి. మొదటిది బాటగుర్తులు, సంకేతములు, బాటనియమములు. రెండవది ప్రమాదము జరిగినప్పుడు బండి నడపువాని విధులు. మూడవది కాపలాలేని రైలుగేటు దాటునప్పుడు తీసికొనవలసిన జాగ్రత్తలు. నాలుగవది బండితో నుంచుకొనవలసిన పత్రములు. అడిగినవానిలో నూటి కఱువది వంతులు సరిగా జెప్పినవాడు నెగ్గినట్లు. మన రాష్ట్రమున కంప్యూటరు ముందు గూర్చుండి 20 ప్రశ్నలకు జవాబు గుఱుతింపవలెను. అందు 12 సరియైన చాలును. ప్రశ్నలను తెలుగులోనే కోరుకొనవచ్చును.

ఇంత సులభమైన పరీక్షకు మనవా రెట్లు సిద్ధపడుచున్నారు? పదియవ తరగతి పరీక్షకు కుమారుని గుంటూరులోనో విజయవాడలోనో వేలు పోసి చదివించు తండ్రి, ఈ పరీక్షకు వానిచేత ఒక్క పుటయైన చదివింపడు. దళారికి పైకము చెల్లించుటయే చదువనుకొనును. పరీక్షకు పోవు ఉదయమున ఎవరో సెల్లుఫోనులో పంపిన ప్రశ్నల వరుసను బస్సులో గూర్చుండి వల్లెవేయుట, జవాబు మొదటిదా మూడవదా యని స్థానమును గుఱుతుంచుకొనుట, నెగ్గినంతనే మఱచుట, ఇదియే పరిపాటి. ఏరు దాటి తెప్ప తగులబెట్టిన సామెతకు ఇంతకంటె తగిన దృష్టాంత మేమున్నది? ఇచ్చట నెక్కువ శోచనీయమైన దేమన, ఏరు దాటితిమనుకొన్నవాడు నిజమునకు అప్పుడే యేటిలో దిగుచున్నాడు.

పరీక్షకు సిద్ధపడుట యనగా నేమో కొంత వివరముగ జెప్పుట అవసరము. బాటగుర్తులు చూచుటకు నూఱుగా దోచినను వానికొక వ్యాకరణ మున్నది. ఎఱ్ఱయంచుగల త్రికోణము హెచ్చరిక చేయును: ముందు మలుపున్నది, బడి యున్నది, బాట యిఱుకగుచున్నది. ఎఱ్ఱవలయముగల గుండ్రని గుర్తు నిషేధించును. నీలపు గుండ్రము ఆజ్ఞాపించును. నీలపు చతురస్రము సమాచారమును మాత్రము దెల్పును. ఆఱుగాక ఎనిమిది మూలలుగల ఎఱ్ఱపలక యున్నచో బండి పూర్తిగా నిలుపవలెను. తలక్రిందులైన త్రికోణ మున్నచో ఎదుటి బాటవానికి దారి యియ్యవలెను. ఈ వ్యాకరణము నేర్చినవాడు ఎన్నడును చూడని గుర్తును గూడ చదువగలడు. జవాబుల స్థానము వల్లెవేసినవాడు చూచినదానిని గూడ చదువలేడు.

గుర్తులకంటె ముఖ్యమైనది బాటనియమము. అద్దంకి నార్కెట్‌పల్లి రహదారిని గాని, చిలకలూరిపేట, ఒంగోలు మీదుగా చెన్నపట్టణమునకు బోవు 16వ నెంబరు జాతీయరహదారిని గాని తీసికొనుడు. ప్రతి మైలున రెండు మూడు డొంకబాటలు దానిలో గలియుచుండును. చిన్నబాటనుండి పెద్దబాటకు వచ్చువాడు ఆగి, పెద్దబాటపై బోవువానికి దారి యియ్యవలెనని నియమము. గుర్తుగాని పోలీసుగాని లేని కూడలిలో తన కుడిచేతివైపునుండి వచ్చువానికి దారి యియ్యవలెను. ముందుబండిని కుడివైపునుండియే దాటవలెను. మలుపులోను, వంతెనపైనను, కూడలిలోను దాటరాదు. బాటనడుమ తెగని గీత యున్నచోట దానిని దాటి పోరాదు. ఇవి యన్నియు పరీక్షలో నడుగు విషయములే. అయినను పొలమునుండి ట్రాక్టరును దెచ్చువాడు ఆగకుండ రహదారిలో జొఱబడుటయు, ఆటోవాడు కూలివారు చేయెత్తిన తావున నడిబాటలో నాపుటయు, ఎదురుదెసను బండి నడపి అరమైలు చుట్టు తప్పించుకొనుటయు మనకు దినచర్యలైనవి. గంటకు 60 కిలోమీటర్ల వడితో వచ్చు బండి ఒక్క సెకండులో 17 మీటర్లు సాగును. తొందరలో మనము మిగుల్చుకొను కాలము ఎంత? ఎదుటివానికి మిగుల్చు కాలము ఎంత? ఈ లెక్క తెలిసినవాడు డొంకకొనను బండి నాపకుండునా?

ప్రమాదవేళ విధులనుగూర్చి మన పల్లెలలో నున్న అజ్ఞానము మఱియు ఘోరము. ప్రమాదము జరుగగనే బండి వదలి పాఱిపోవలెనని అనేకుల తలంపు. చట్టము చెప్పునది వేఱు. జనసమ్మర్దముయొక్క ఆగ్రహమువంటి అనివార్య కారణము లేనిచో, గాయపడినవానికి వైద్యసహాయము లభించునట్లు నడపువాడే ప్రయత్నింపవలెను. ఇరువదినాలుగు గంటలలోగా పోలీసుఠాణాకు దెల్పవలెను. సాయపడిన దారినపోవువానికి చిక్కులు కలుగకుండుటకై 2019 సవరణలో ప్రత్యేక రక్షణ గూడ కల్పింపబడినది. గాయపడిన కూలి రక్తమోడుచు బాటప్రక్క పడియుండగా, ఈ యొక్క ప్రశ్నకు జవాబు తెలిసిన మనుష్యుడు దగ్గఱ నుండుటయు లేకుండుటయు చావుబ్రదుకుల భేదము.

ఇది అతిశయోక్తి యని తలంపరాదు. 2020 మే 14వ తేదీని ప్రకాశము జిల్లా నాగులుప్పలపాడు మండలమున, మిరపకోత ముగించుకొని యిండ్లకు మరలుచున్న కూలీల ట్రాక్టరు విద్యుత్‌స్తంభమును ఢీకొనగా పలువురు మరణించిరి. 2023 మే 17వ తేదీని పల్నాడు జిల్లా పొందుగుల కడ, నల్లగొండ జిల్లానుండి మిరపకోతకై వచ్చుచున్న స్త్రీల ఆటో లారీ తాకిడికి నుగ్గయి, కొందఱు కూలితల్లులు ఇల్లు మరలి చేరరైరి. ఆ యా ప్రమాదములలో దోష మెవ్వరిదో నిర్ణయించుట న్యాయస్థానముల పని, మాది గాదు. మా మనవి యొక్కటియే. మన పంట కోయువారు మన బాటలపై నెట్లు చనిపోవుచున్నారో మనకు దెలియును. 2022లో దేశమందంతట బాటప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది యని కేంద్రప్రభుత్వమే ప్రకటించినది. అంత సంఖ్యను మనస్సు పట్టజాలదు. అయితే ఒక గ్రామమునుండి ఒకే దినమున పెక్కు పాడెలు లేచుట యెట్లుండునో మన జిల్లాల కెఱుకయే.

అరువదివంతుల నెగ్గుమార్కునుగూర్చి ఒక మాట. ఇరువదింట పండ్రెండు తెలిసిన చాలుననుట యనగా ఎనిమిది తెలియకున్నను బాటపైకి రావచ్చుననుట. ఆ యెనిమిదింటిలో నిలుపుగుర్తు ఉండవచ్చును, దాటరాని గీత యుండవచ్చును. తప్పిన ప్రశ్నను అభ్యర్థికి వివరించి సరియైన దేదో నేర్పి పంపవలెనను నిర్బంధము నెవ్వరును పాటించుట లేదు. బ్రిటనులో 1996నుండి ప్రత్యేకముగ నడచు వ్రాతపరీక్షలో కారునకు 50 ప్రశ్నలకు 43 సరిగా జెప్పవలెను. 2002నుండి తెరపై ప్రమాదసూచనలను కనిపెట్టు పరీక్ష గూడ దానికి జతపఱచిరి. మన పిల్లలే అమెరికాకు బోయినచో అచటి రాష్ట్రమువారు ప్రకటించిన బాటపుస్తకమును కొనకంటె చదివి, పరీక్ష తప్పుదుమేమోయని రాత్రులు మేలుకొందురు. అదే పిల్లవాడు సెలవులకు నరసారావుపేటకు వచ్చినప్పుడు శిరస్త్రాణమైన లేక తమ్ముని, మఱదలిని వెనుక నెక్కించుకొని బయలుదేఱును. బుద్ధి మాఱలేదు, చదువు మాఱలేదు. అడుగువారి పట్టుదలయందే భేదము.

పరీక్షావిషయములయందును కాలానుగుణమైన మార్పు అవసరము. నియమము ప్రత్యేకముగ పేర్కొనిన కాపలాలేని రైలుగేట్లను బ్రాడ్‌గేజి మార్గములన్నిటిపైనను 2019 జనవరినాటికే రైల్వేవారు తొలగించిరి. కాని మన మైదానముల నిజమైన గండము, రాత్రివేళ వెనుక దీపముగాని మెఱుపుబిళ్లగాని లేక బాటప్రక్క నిలిచిన ట్రక్కు, ఆ నియమములో పేరుపెట్టి చెప్పబడలేదు. బురదచక్రములతో నల్లరేగడిని తారుబాటపై బఱచి పోవుటయు, బాటలో సగము మిరపకాయలు ఆరబోసి చుట్టును రాళ్లు పేర్చుటయు ఏ ప్రశ్నలోను మనకు గానరావు. ఈ రెండవ దోషము బండి నడపువానిది గాదు, మనదే. కల్లమునకు చోటు లేదని బాటను కల్లముగా జేసికొన్న రైతు, అందు జాఱిపడిన పరుని కుమారుని ఎముకలకు జవాబుదారి గాడా?

ఇక భూస్వాములగు పాఠకులకు ముఖ్యముగ జెప్పవలసినది. ట్రాక్టరు మీది, నడపువాడు పాలేరు. వానికి అనుమతి యున్నదా యని అడుగుట మీ విధి. అనుమతిలేనివానికి బండి యిచ్చిన యజమానికి 5,000 రూపాయల జుల్మానాయో, మూడుమాసముల ఖైదో, రెండునో విధింపవచ్చునని 2019లో సవరింపబడిన చట్టము చెప్పుచున్నది. ట్రాక్టరుపై నడపువాడు తప్ప అన్యు లెవ్వరును గూర్చుండరాదని బాటనియమము. ప్రమాదము జరిగి నష్టపరిహారపు దావా వచ్చినప్పుడు నడపినవానికి తగిన అనుమతి లేదని తేలినచో, బీమాసంస్థ బాధితులకు చెల్లించిన పైకమును యజమానినుండి రాబట్టుకొనుటకు ఆజ్ఞ పొందవచ్చును. చేతులు కాలిన పిమ్మట ఆకులకై వెదకిన ఫల మేమి? రెండెకరముల నమ్మినను తీఱని ఋణము ఒక్క సాయంకాలమున నెత్తికెక్కును. అభ్యాసకుని అనుమతి గూడ చెల్లుబడియగు అనుమతియే యని 2004లో సుప్రీముకోర్టు నిర్ణయించినది. తేలిక అనుమతిగలవాడు సరకుతో గూడ 7,500 కిలోల లోపు మొత్తపుబరువుగల సరకుబండిని నడపవచ్చునని అదే న్యాయస్థానపు రాజ్యాంగధర్మాసనము 2024 నవంబరులో స్థిరపఱచినది. కాబట్టి చట్టము అలవికాని దానిని గోరుట లేదు. ఒక దినపు చదువును, ఒక పూట పరీక్షను మాత్రమే కోరుచున్నది.

కుమారులవిషయమై మఱింత జాగరూకత వలయును. పదునెనిమిది నిండనిదే సాధారణపు మోటారుసైకిలు నడపుట కర్హత లేదు. పదునాఱు నిండినవారికి 50 సి.సి. మించని గేరులేని బండి కొఱకే అనుమతి యిత్తురు. నేడు మన యిండ్లలోని స్కూటర్లలో నూటికి తొంబది ఆ మితిని మించినవే యనుట సాహసము గాదు. మైనరు చేసిన నేరమునకు తండ్రియు, బండి యజమానియు బాధ్యులు. మూడేండ్లవఱకు ఖైదు, 25,000 రూపాయల జుల్మానా, పండ్రెండు మాసములు బండి రిజిస్ట్రేషను రద్దు, ఆ బాలునికి ఇరువదియైదేండ్లు వచ్చువఱకు అనుమతి నిరాకరణము. ఇవి సవరణచట్టము విధించు శిక్షలు. తొమ్మిదవ తరగతి చదువు పిల్లవానికి తాళపుచెవి యిచ్చి, వాడు బండి నడపుచున్నాడని మీసము దువ్వు తండ్రి ఈ వాక్యమును రెండుసారులు చదువుగాక.

అనుమతి చేతికి వచ్చినంతమాత్రమున చదువు ముగియలేదు. అది ఆఱుమాసములు చెల్లును. ముప్పది దినములు గడువనిదే నడపుపరీక్షకు బోరాదు. ఈ నడుమకాలమున తెల్లని నేలపై ఎఱ్ఱని ‘ఎల్’ అక్షరమును బండి ముందును వెనుకను అమర్చవలెను. ఆ పలక 18 సెంటీమీటర్ల చదరమునకు తక్కువ గాకూడదు. అనుమతిగల శిక్షకుడు, బండిని నిలుపగల తావున, ప్రక్కనుండవలెను. మోటారుసైకిలుపై ఆ శిక్షకునిదప్ప ఇతరుల నెక్కించుకొనరాదు. కాని మన యూళ్లలో ఎల్లెల్లార్ వచ్చిన సాయంకాలముననే స్నేహితుల నిద్దఱిని వెనుక నెక్కించుకొని సినిమాకు బోవుట వేడుక. అభ్యాసము కొఱకిచ్చిన గడువు అధికారముగా మాఱుచున్నది.

ఒక ఆక్షేపణ మాకు దెలియక పోలేదు. ‘మా తండ్రులు ఏ పరీక్షలును లేక నలువదేండ్లు బండ్లు తోలిరి. కాగితము బండి నడపునా?’ యని పెద్దలు కొందఱందురు. వారు తోలినది ఎడ్లబండి. ఎద్దునకు కన్నులున్నవి. బండివాడు కునుకుతీసినను అది యింటిదారి బట్టును, అడ్డము వచ్చిన బిడ్డను జూచి నిలుచును. యంత్రమునకు కన్ను లేదు, దయ లేదు. దానికి కన్నును దయయు నడపువాడే సమకూర్పవలెను. ఆ యెడ్లను గూడ ఎవ్వడును నేర్వకయే తోలలేదు. కోడెను కాడికి మప్పుటకు తండ్రి యేడాది కాలము వెచ్చించెను, నొగపై ప్రక్కన గూర్చుండి కుమారునికి పగ్గము పట్టించెను. ఆ ఓర్పులో పదియవవంతు ఈ చదువునకు వినియోగింపుడని మాత్రమే మేము కోరుచున్నాము.

ప్రభుత్వమును గూడ కొన్ని కోరుచున్నాము. సరకుబండ్లు నడపువారికి ఎనిమిదవ తరగతి చదువు ఉండవలెనను నియమము 2019లో తొలగింపబడినది. ఇది బీదవారి జీవనోపాధికి మేలు చేసినది. అయితే చదువురానివానికి బాటధర్మము నోటిమాటగా నేర్పి, నోటిమాటగానే పరీక్షించు భారము దానివెంట వచ్చినది. ప్రశ్నలలోని తెలుగు, నిఘంటువు చూచి వ్రాసినట్లుగాక, బండివాడు వాడు తెలుగుగా నుండవలెను. తప్పిన ప్రతి ప్రశ్నకును వివరణ అక్కడికక్కడ తెరపై జూపవలెను. నెగ్గుమార్కు నెనుబదికి బెంచవలెను. మిరపకోతలకు ముందు, మార్గశిర పుష్యమాసములలో, మార్కెటుయార్డులలోను మండలకేంద్రములలోను ట్రాక్టరు నడపువారికి రెండేసి దినముల తరగతులు నడపవలెను. ప్రకాశము జిల్లా దర్శిలో 2020లో ప్రారంభమైన డ్రైవింగు శిక్షణ పరిశోధనాసంస్థ ఈ పనికి వెన్నెముక కాదగును. గుర్తింపుగల శిక్షణకేంద్రములలో శిక్షణ ముగించినవారికి నడపుపరీక్ష మినహాయించునట్లు 2021 జూలైనుండి కేంద్రము వెసులుబాటు కలిగించినది. ఆ వెసులుబాటు శిక్షణకు ప్రతిఫలము కావలెనేగాని, దళారులకు క్రొత్తదారి కారాదు.

అయినను సర్వభారమును ప్రభుత్వముపై మోపి మనము చేతులు దులుపుకొనుట న్యాయము గాదు. ప్రతి గ్రామమునను పరీక్ష వ్రాయనున్న యువకులు పదిమంది యుందురు. చదువుకొన్నవాడొకడు సాయంకాలము గ్రంథాలయపు అరుగుమీద గూర్చుండి గుర్తుల పటమును వ్రేలాడగట్టి చెప్పినచో వారమునకు మించి పట్టదు. పాలేరును గూడ ఆ యరుగునకు బంపుడు. కూలి గోయకుండ బంపుడు. మిరపకాయ క్వింటాలు ధర యార్డులో నూఱురూపాయలు తగ్గెనని దినమంతయు చర్చించు మనము, ఆ కాయ గోసిన చేతులు సాయంకాలమునకు క్షేమముగ నిల్లు చేరుటకై ఒక గంట వెచ్చింపలేమా? ఇరువది ప్రశ్నలకును ఇరువది జవాబులు తెలిసినవాని చేతికే ఈ యేడు మన బండి తాళపుచెవి యిత్తుమని మన మైదానముల రైతులు నిశ్చయించుకొందురుగాక.